తోకబండికి ధర కట్టిన రోజు

ఇంగ్లీషు వస్తే చాలు, ఏ పనైనా జరిగిపోతుందని నమ్మిన కాలం అది. దొరలు ఒక్కొక్కరే మూటాముల్లె సర్దుకుంటున్నా వాళ్ళ భాష మీద మాత్రం మలయాలోని మా రబ్బరు తోటలో గౌరవం పిసరంతైనా తగ్గలేదు. కాన్వెంటులో చదివిన కోడలు దొరికిందని మా మామగారు కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకునేవారు. ఆ కోడల్ని నేనే. పంతొమ్మిదేళ్ళు, పెళ్ళై ఏడాది నిండలేదు, తెలివికి లోటు లేదన్న భ్రమ మాత్రం నిండా ఉండేది.

తోకబండి అంటే కారు వెనక తగిలించి లాక్కుపోయే, చక్రాల మీది చిన్న ఇల్లు. లోపల గోడలోకి మడిచే మంచం, ఓ మూల పొయ్యి, కిటికీలకు తెరలు. మా తోట దొర షికార్లకని తెప్పించుకున్నాడు గాని, నలభై ఎనిమిదిలో ఎమర్జెన్సీ వచ్చి అడవుల్లో కమ్యూనిస్టులూ రోడ్ల మీద సోల్జర్లూ అయ్యేసరికి షికార్లు మానుకున్నాడు. మెర్డెకాకు (స్వాతంత్ర్యానికి) ముందు సీమకు వెళ్ళిపోతూ దాన్ని తోట గుమాస్తా అయిన మా మామగారికి ఇచ్చేసి పోయాడు. కమ్యూనిస్టులకు తిండి అందకుండా అప్పటికే సర్కారువాళ్ళు మనుషులందర్నీ ఒకచోటికి చేర్చి చుట్టూ ముళ్ళకంచె వేసి ఉన్నారు, ఇళ్ళన్నీ ఇరుకు. అందుకని తోకబండిని పెరట్లో నిలబెట్టి కొత్త జంటకు (అంటే మాకు) పడకగది చేశారు. పొద్దున్నే దాని మెట్లు దిగుతుంటే కుళాయి దగ్గరి ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వుకునేవారు. నేను నేల చూస్తూ నడిచేదాన్ని.

ఇంతలో తోటను ముక్కలు చేసి అమ్మేశారు. కొన్నవాళ్ళకు గుమాస్తా అక్కర్లేదు, మాకు ఉండడానికి ఇల్లూ లేదు. తోకబండిని ఇచ్చి, పైన కొంత వేసి ఒక పాత వ్యాను తీసుకుంటే తోటల వెంట బట్టలమ్ముకు బతకొచ్చని మామగారి ఆలోచన. తెలుక్ అన్సన్‌లో (ఇప్పటి తెలుక్ ఇంటాన్ పట్నం) పాత బండ్లు మార్చే చీనా వ్యాపారి ఒకాయన ఉండేవాడు. అందరూ తౌకే (షావుకారు) అనేవారు. మామగారికి మలాయి భాష బాగా వచ్చు, అయినా నన్నే బయల్దేరదీశారు. “మలాయిలో అడిగితే బజారు రేటు సెప్తాడు. ఇంగిలీసులో అడిగితే దొర రేటు సెప్తాడు” అన్నారు. బడిపంతులైన మా ఆయనకు ఆ రోజే సెలవు దొరకలేదట.

లారీ వెనక కట్టి తీసుకెళ్ళాం. తౌకే బనీనుతో, మోకాళ్ళదాకా నిక్కరుతో బండి చుట్టూ తిరిగి, గోడల మీద వేళ్ళతో తట్టి మర్యాదైన ధరే చెప్పాడు. నేను ఇంకాస్త పెంచమన్నాను. అప్పుడతను, దొర వెళ్ళాక దీన్ని ఎవరు వాడుతున్నారని అడిగాడు. ఆ మాట మామగారికి తెలుగులో చెప్పాను. “ఉన్నమాట సెప్పమ్మా. మా అబ్బాయీ కోడలూ పడుకుంటన్నారని సెప్పు. మనుషులున్న బండని తెలిస్తే రేటు కడతాడు” అన్నారాయన, చక్రం వైపు చూస్తూ.

చుట్టూ నలుగురు మెకానిక్కులు, లారీ డ్రైవరు. నా చెవులు కాలిపోయాయి. కాన్వెంటు సిస్టర్లు ఎన్నో వాక్యాలు నేర్పారు గాని, మామగారి పక్కన నిలబడి పరాయి మగాడితో ఆ వాక్యం ఎలా అనాలో నేర్పలేదు. నోటికేది వస్తే అది అనేశాను.

“కోళ్ళు,” అన్నాను ఇంగ్లీషులో. “ఇందులో కోళ్ళు పడుకుంటాయి.”

తౌకే గోడ మీది చెయ్యి తీసి నిక్కరుకు తుడుచుకున్నాడు. “ఎన్ని?”

“రెండే.” (అంతవరకు నిజమే.)

ధర సగానికి పడిపోయింది.  వాసన చూద్దామనుకున్నాడో ఏమో, తౌకే లోపలికెళ్ళి, వాడిన మల్లెదండ, తలపిన్ను పట్టుకుని బయటికొచ్చాడు. “మీ కోళ్ళు పూలు పెట్టుకుంటాయా లా?” అని, అక్కడివాళ్ళు మాట చివర తగిలించే ‘లా’తో మెల్లగా అడిగి, మామగారి వైపు తిరిగి “ఆయాం?” అన్నాడు. మలాయిలో కోడి.

“ఏటి, కోళ్ళా?” మామగారు నా వైపు చూశారు. నేను తలెత్తలేదు. కాసేపటికి ఆయనకు సంగతి అర్థమైంది. గొంతు తగ్గించి తౌకేతో మలాయిలో ఏదో చెప్పారు; కొడుకు, కోడలు అన్న మాటలు మాత్రం నాకు వినబడ్డాయి. మెకానిక్కులు పగలబడి నవ్వారు. తౌకే నవ్వలేదు. మల్లెదండను మెట్టు మీద పెట్టి, వంగి చాలాసేపు టైరు పరీక్షించాడు. అతని వీపు మాత్రం కదులుతూనే ఉంది. లేచాక మొదటి ధరకే వచ్చి, దాని మీద ఇంకొంచెం కలిపాడు. “పెళ్ళికి నన్ను పిలవలేదు. ఇది నా అంగ్‌పావ్ లా. కొత్త జంటకి పెళ్ళి కానుక.”

వ్యాను దొరికింది. తిరుగు దారిలో నేను వెనక కూర్చుని, ఒక ఇంటి బతుకుదెరువును కోళ్ళపాలు చేయబోయానని కళ్ళు తుడుచుకుంటూ ఉన్నాను. పోలీసు తనిఖీ దగ్గర వ్యాను ఆగినప్పుడు మామగారు వెనక్కి తిరక్కుండానే అన్నారు: “అందరి ముందరా నీ సేత ఆ మాట అనిపించబోయినాను. నాదే బుద్ధి తక్కువ. ఇకమీదట సెప్పలేని మాటుంటే సెప్పలేనని నాతో అనెయ్యమ్మా.” ఊరుకున్నారనుకున్నాను. కొంత దూరం పోయాక, “కోళ్ళేటమ్మా, కనీసం పిల్లులని సెప్పినా రేటు నిలబడును” అన్నారు.

ఆనాటి మామగారి వయసు నేనెప్పుడో దాటేశాను. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ ముందు సిగ్గే వస్తుంది, నవ్వు తర్వాత. తాళి కట్టినవాడితో ఒక గదిలో ఉన్నానని చెప్పడానికి అంత చచ్చిపోవాలా అని ఆ పంతొమ్మిదేళ్ళ పిల్లను అడగాలనిపిస్తుంది. అడిగితే అది తల దించుకుని, కొంగు వేలికి చుట్టుకుంటూ, నేను అవతలికి పోయేదాకా అలాగే నిలబడుతుంది.