ఇంటికొక ఓటా, మనిషికొక ఓటా

మా పౌరశాస్త్రం మేడం మంచిర్యాలలో, కూతురి ఇంట్లో, నిద్రలోనే పోయారని మొన్న కబురొచ్చింది. చెప్పగానే అమ్మ ఏడ్చింది. కాసేపటికి ఒక ఆదివారం గుర్తొచ్చి ఇద్దరం నవ్వుకున్నాం. ఆ ఆదివారం సంగతి మీకు చెప్పాలి.

మేడంది కోస్తా. భర్త గనిలో ఇంజనీరు. గోదావరిఖనిలో ఆవిడ మాకు ఇంటర్ పాఠాలు చెప్పేవారు. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్‌కు కిటికీలు అదిరితే, చాక్‌పీసు పట్టుకుని ఆగి, అవి కుదుటపడగానే ఆపిన మాట దగ్గరే అందుకునేవారు. "నిద్రొస్తే పడుకోండమ్మా. నాతో ఒప్పుకోకపోతే మాత్రం లేవండి" అనేవారు. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేను. అలా లేవడం అక్కడే నేర్చుకున్నాను.

అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో ఇంటిపన్ను ఇంతకు మించకూడదని జనమే ఓటేసి తమ రాష్ట్ర రాజ్యాంగంలో రాయించుకున్నారని ఒకరోజు చెప్పారు. మాకెవరికీ ఎక్కలేదు. "అయితే మీ వాడలో ఓటు పెట్టి చూద్దాం" అన్నారు నాతో.

ఆట ఓటే అయినా వాడంతా కదిలింది. అన్ని షిఫ్టులవాళ్లూ ఉండాలని ఆదివారం పెట్టుకున్నాం. పన్నుకు హద్దు ఉండాల్సిందే, రిటైరయ్యాక ఏటా పెరిగితే ఎక్కడినుంచి తేవాలన్నాడు మా బాపు. అమ్మ వద్దంది. పన్ను ఆగితే మోరీలో మురుగు తీసేవాళ్లూ ఆగిపోతారంది.

"ఇంటికి ఒక్కటే ఓటు మేడం. ఇల్లు నా పేరు మీదున్నది" అన్నాడు బాపు. మగవాళ్లంతా తలూపారు. అమ్మ ఎత్తబోయిన చేతిని కొంగులోకి తీసుకుంది.

మేడం మర్యాదగానే అడిగారు. "ఇల్లు మీదేనండీ. మురుగు తీసేవాళ్లు రాని రోజు వాకిట్లో మోరీ నిండితే ఎవరు తీస్తున్నారు?"

"డ్యూటీకి పోయేటోడు మోరీ దాటి పోతడు బిడ్డా, వంగి చూస్తడా?" అంది వెనకనుంచి ఒక అవ్వ.

వాడంతా నవ్వింది. బాపూ నవ్వాడు. "సరె తియ్, మనిషికొకటి" అన్నాడు.

చేతులు లెక్కపెడితే బాపు మాటే నెగ్గింది. చెయ్యెత్తి ఓడిపోయిన అమ్మ మొహంలో మాత్రం అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. తర్వాత నన్ను డిగ్రీకి పంపాలా వద్దా అన్న మాట వచ్చినప్పుడు బాపు మొదట అమ్మనే అడిగాడు. అమ్మ పంపాలంది.

ఆ ఆదివారం సాయంత్రం మేడంను షేర్ ఆటో ఎక్కించడానికి వెళ్లాం. వానాకాలం మోరీ పొంగితే నీళ్లు పొయ్యి దాకా ఎట్లా వస్తాయో అమ్మ చెబుతూనే ఉంది. డ్రైవర్ హారన్ కొట్టాడు. అమ్మ ఆటో కడ్డీ వదల్లేదు. ఇరుక్కుని కూర్చున్నవాళ్లంతా వింటున్నారు. మేడం చీర చెంగు ఒళ్లోకి లాక్కుని, ముందుకు వంగి, "ఊఁ, తర్వాత?" అంటున్నారు.