గ్లౌజు మీద ఎరుపు

మూసీ ఒడ్డున పాలకూర పండించే ఒక పెద్దావిడ మా ల్యాబుకు రోజూ ఫోన్ చేసేది. ఆవిడ మడి పక్కనే నది అడుగు నుంచి బురద తెచ్చాం మరి. "గా బురదల విషముందా బిడ్డా? నా మనవరాలు సుత గీ కూరే తింటది. జర జల్ది చెప్పు" అనేది.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల పైన నాలుగో అంతస్తు మా ల్యాబు. బురదను ఆరబెట్టి, కల్వంలో నూరి, యాసిడ్‌లో కరిగించి, సీసం లాంటివి ఎంతున్నాయో మెషిన్ మీద చూడటం నా పని.

ఆవిడ బురద రిజల్ట్ వచ్చింది. అక్కడ ఎప్పుడూ చూడనంత సీసం. ఏ నోటితో చెప్పను? పంట పీకేసుకోమననా? చెమటలు పట్టి, గ్లౌజుతోనే నుదురు తుడుచుకున్నాను.

"ఏయ్, ఆగు!" అంది పక్క బల్ల దగ్గరి అక్క. నాకు సీనియర్, చర్చికి వెళ్ళే మనిషి, బొట్టు పెట్టదు. "నిన్న నూరేటప్పుడు సుత గిట్లనే తుడుచుకున్నవా? గ్లౌజు చూస్కో."

వేళ్ళ మీద ఎర్రగా కుంకుమ. ల్యాబులోకి బొట్టుతో రాకూడదని రూలు. ఆషాఢమంతా నేను పొద్దున్నే ఇంట్లో బొట్టు పెట్టుకుని, బల్కంపేట ఎల్లమ్మకు దండం పెట్టుకుని, అట్నుంచటే డ్యూటీకి వచ్చేదాన్ని. అమ్మవారిని చూసొచ్చి బొట్టు చెరుపుకోవడానికి చేతులు రాలేదు. నిన్న బురద నూరుతుండగా కరెంటు పోయి, చెమటకి ఆ చేత్తోనే ఎన్నిసార్లు తుడుచుకున్నానో! ఛీ, ఎంత బుద్ధి తక్కువ పని!

ముఖం కడుక్కుని, మిగిలిన బురదను అక్క కళ్ళ ముందే మళ్ళీ నూరాను. నా పర్సులోని కుంకుమ పొట్లం నుంచి చిటికెడు తీసి, అదీ పరీక్షకు పెట్టింది అక్క.

మర్నాడు బురదలో సీసం మామూలుగానే వచ్చింది. పెద్దావిడకు ఫోన్ చేసి చెప్పాను. "సల్లగుండు బిడ్డా" అంది. హమ్మయ్య అనుకుంటూ ఏడ్చేశాను.

అక్క స్క్రీన్ నావైపు తిప్పింది. సీసమంతా కుంకుమలోనే ఉంది. బండి మీద విడిగా కొన్నది. మిగతాదంతా పంజాగుట్టలో మా ఇంట్లో, భరిణెలో ఉంది.

ఇంటికి ఫోన్ చేశాను. అత్తయ్య ఎత్తింది.

"ఏంటమ్మా ఈ టైంలో? ఇప్పుడే నీ కూతురికి స్నానం చేయించి బొట్టు పెట్టాను. భరిణె కోసం ఒకటే పేచీ. ఇచ్చేశాను, చేతులు నాక్కుంటూ ఆడుకుంటోంది."

"లాక్కోండి అత్తయ్యా! ముందు నోరు కడగండి!" అని అరిచాను.

"అదేంటమ్మా, కుంకుమే కదా" అంది ఆవిడ.