చెట్టు నాటకూడని ఎడారి

న్యూజిలాండులో ఎడారి ఉందంటే మా ఆఫీసులో సగంమంది నమ్మరు. నేను నమ్మింది రంగనాథ్ అంకుల్ వల్ల. అనంతపురం నుంచి వచ్చి, ప్రభుత్వ రేంజరుగా ముప్పై ఏళ్ళు రంగిపో ఎడారిని కాపాడిన మనిషి. వారమంతా అక్కడ, శని, ఆదివారాలు హామిల్టన్‌లో మా పక్కింట్లో. నిరుడు చలికాలంలో కన్నుమూశారు. ఏటా మార్చిలో వాలంటీర్లతో ఆయన చేయించే పనిని ఈసారి ఆయన జ్ఞాపకార్థం పెట్టుకుని, మొదటి చెయ్యి వేయమని అక్కడి రేంజర్లు ఆయన భార్య సుశీల ఆంటీని పిలిచారు. డ్రైవరుగా నేను వెళ్ళాను.

ఆ పని చెట్లు పీకడం. అందుకే ఆంటీ ఇన్నేళ్ళలో ఒక్కసారీ అటు వెళ్ళలేదు.

ఉదయం ఆరింటికి బయలుదేరాం. డిక్కీలో పులిహోర డబ్బా, నర్సరీలో నేను కొన్న కోఫై అనే పసుపుపూల చెట్టు మొక్క.

"పీకేది వాళ్ళు పీకుకోనీ, నాయనా. ఆయన పేరు మీద మనం ఒక చెట్టన్నా నాటొద్దాం. మా ఊళ్ళో బిందెలతో నీళ్ళు మోసి బతికించినాం చెట్లని" అంది ఆంటీ.

నాకూ అది సబబుగానే తోచింది. మనవాళ్ళలో ఎవరు పోయినా మొక్కే కదా నాటేది.

ఎనిమిదింటికి టౌపోలో సరస్సు ఒడ్డున కాఫీ, ఆరు డాలర్లు. ఆంటీ ఫ్లాస్కులో టీ తెచ్చుకుంది కాబట్టి నన్ను జాలిగా చూసింది. తురంగి దాటాక అడవి చటుక్కున ఆగిపోయి, గోధుమరంగు గడ్డి, నల్ల ఇసుక, పడమట మంచు కొండ కనిపించాయి. వెళ్ళేవాళ్ళకొక మాట: రోడ్డుకు తూర్పు సైన్యం వాళ్ళ భూమి, అటు అడుగు పెట్టకండి. మార్చిలోనైనా చలికోటు మరవకండి, గాలి మనిషిని తోసేస్తుంది.

పదింటికి చేరాం. అంకుల్ దగ్గర పని నేర్చుకున్న రేంజరు ఆరొహా ఎదురొచ్చి ఆంటీని కావలించుకుంది. నా చేతిలో మొక్క చూసి పెద్దగా నవ్వింది.

"రంగా ఉంటే ముందు దీన్నే పీకేవాడు. ఇవ్వు, తురంగిలో మా పెరట్లో పెడతాను" అని తీసుకుంది.

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆంటీ మొహం మాత్రం గట్టిపడింది. ఎదురుగా, ఎక్కడి తోటల నుంచో గాలికి విత్తనం కొట్టుకొచ్చి మొలిచిన మోకాలెత్తు పైన్ మొక్క, చుట్టూ ఇరవైమంది వాలంటీర్లు. ఆమె చేతులు కొంగులోంచి బయటికి రాలేదు.

"పచ్చని దాన్ని నేను పీకలేను. ఆయనకీ అదే చెప్పినా" అంది. నేను ఇంగ్లీషులో చెప్పాను.

ఆరొహా బలవంతపెట్టలేదు. ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని ఆంటీనీ కూర్చోబెట్టింది. నేలకు అంటుకుని అరచేతంత మొక్క, దాని మీద బియ్యపు గింజల్లాంటి తెల్లపూలు.

"దీనికి ఎండే కావాలి. పైన్ ఎదిగి నీడ పడితే చస్తుంది. రంగా ఏటా దీని పక్కనే కూర్చుని అన్నం తినేవాడు" అంది.

ఆంటీ చాలాసేపు ఆ పూలు చూసింది. తర్వాత పైన్ మొక్కకు దణ్ణం పెట్టి, రెండు చేతులా పట్టి లాగింది. వేరు ఊడిరావడంతో ఆమె ఇసుకలో చతికిలబడింది. ముందు నవ్వింది ఆమే.

మధ్యాహ్నం రెండింటికి నా లెక్క పంతొమ్మిది, ఆంటీది ముప్పై ఒకటి. "వేరుతో పీకు, నాయనా, ముక్క మిగిలితే మళ్ళా లేస్తాది" అని నాకే పాఠం చెప్పింది. పులిహోర అందరికీ సరిపోయింది, కారం ఎక్కువైన ఇద్దరు తప్ప అందరూ మళ్ళీ అడిగారు.

మూడింటికి తిరుగుదారి పట్టాం. అంత ఖాళీ నేల చూసి వస్తూ కడుపు నిండినట్టుండటం నాకు కొత్త. టౌపో దాటేదాకా ఆంటీ వాలంటీర్ల కబుర్లు చెప్పి నవ్విస్తూనే ఉంది. ఆ తర్వాత కొంగుకంటిన నల్ల ఇసుక దులుపుకుంది.

"ప్రతి ఏడూ పిలిచేవాడు. ఒక్కసారన్నా వచ్చింటే, ఇద్దరం ఆడ కూసోని తినేవాళ్ళం గదా" అంది.

అవునన్నాను.