వర్జ్యం దాటాక పెట్టిన సంతకం

మా తమ్ముడి ఊపిరితిత్తుల స్కాన్ ఫిల్ములు నాలుగూ నా బీరువాలో వరుసగా ఉన్నాయి. ఒక్కోదాని మూల తెల్ల కాగితం అంటించి, తీసిన రోజు రాశాను. సాగర్ కుడి కాలువ మీద ఉద్యోగం చేసినన్నాళ్ళూ పొద్దునా సాయంత్రం నీటిమట్టం చూసి పుస్తకంలో ఎక్కించడం నా పని. రిటైరయ్యాకా ఆ అలవాటు పోలేదు. రోజూ డైరీ రాస్తాను. ఆదివారం పంచాంగం ముందు పెట్టుకుని, రాబోయే వారం వర్జ్యాలన్నీ ఏ రోజువి ఆ రోజు పేజీ నెత్తిన రాసి ఉంచుకుంటాను.

కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు తమ్ముడికి న్యుమోనియా ముదిరింది. ముప్పాళ్ళ దగ్గర మిరప వేసే మనిషి. నరసరావుపేటలో చూసి హైదరాబాద్ తీసుకెళ్ళమన్నారు. మరదలు కూడా జ్వరంతో పడివుంది కాబట్టి తోడుగా నేనొక్కడినే వెళ్ళాను.

మొదటి ఫిల్ము అక్కడిదే. డాక్టరమ్మ దాన్ని లైటు ముందు పెట్టి చూపించింది. గాలి ఆడేచోట నల్లగా ఉండాలట. మావాడికి రెండు వైపులా కింది సగం పాలు ఒలికినట్టు తెల్లగా ఉంది.

"మందులకు లొంగడం లేదండీ. మూలకణాలు ఎక్కించే చికిత్స ఒకటి పరిశోధనగా చేస్తున్నాం. కాన్పప్పుడు దాతలిచ్చిన బొడ్డుతాడు నుంచి తీసిన కణాలు. వాపు తగ్గొచ్చు. తగ్గుతుందని మాటివ్వలేను. పన్నెండు లోపు సంతకం పెడితే ఇవాళే ఎక్కిస్తాం. గడ్డకట్టించి ఉంచుతారు, కరిగించేవాళ్ళు ఆ తర్వాత ఉండరు."

అప్పుడు పదకొండుంపావు. నేను డైరీ తెరిచాను. వర్జ్యం పదకొండు నుంచి పన్నెండున్నర దాటేదాకా ఉంది.

"పన్నెండు ముప్పావుకు పెడతానమ్మా."

"అయితే రేపే అవుతుంది."

"రేపయినా పర్లేదు" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

చెప్పిన టైముకు సంతకం చేసి, కింద తేదీ వేశాను. కాగితం తీసుకున్న నర్సుది మాచర్ల వైపు.

"ఏంది పెద్దాయనా, నిన్నటి తేదీ ఏశావ్? ఇయ్యాళ గురువారం గదా!" అని నవ్వి, కొట్టేసి దిద్దించింది.

అప్పటికే కిటికీలు లేని హాల్లో కుర్చీ మీద రెండు రోజులు గడిచాయి. ఉద్యోగంలో చేరిన నాటినుంచి మొదటిసారి ఒకరోజు డైరీ రాయలేదు. బుధవారం పేజీ నెత్తిన వర్జ్యం తప్ప ఖాళీగా కనబడితే ఇవాళ్టిది ఇదే అనుకున్నాను. తేదీ దిద్దాక గురువారం పేజీ తిప్పి చూశాను. ఆ రోజు వర్జ్యం సాయంత్రానికి ఉంది.

ఆ సాయంత్రమే తమ్ముడిని వెంటిలేటర్ మీద పెట్టారు. కణాలు మర్నాడు ఎక్కించారు. చిన్న సంచీలో కాస్త మసగ్గా ఉన్న నీళ్ళు, అంతే.

వారం తర్వాత తీసిన రెండో ఫిల్ములో తెలుపు పలచబడింది. మూడోదానిలో నలుపు చాలావరకు తిరిగొచ్చింది. కుడివైపు అడుగున మాత్రం సన్నని గీతలు, చేపల వల చిరిగి అతుక్కుపోయినట్టు. ఈ ఏడు తీసిన నాలుగోదానిలోనూ అవి అలాగే ఉన్నాయి.

"మచ్చ కట్టిందండీ. తగ్గింది కణాల వల్లనో, మందుల వల్లనో, ఆయన ఒంటి శక్తి వల్లనో విడదీసి చెప్పలేం" అంది డాక్టరమ్మ.

"ఒక్కరోజు ముందు ఎక్కించి ఉంటే?"

"అదీ చెప్పలేను."

అవునన్నా కాదన్నా బాగుండేది. ఇప్పటికీ వారానికోసారి ఆ ఫిల్ములు వంటింటి కిటికీకి ఆనించి ఆ గీతల్నే చూస్తాను. మరదలేమో ఊరంతా చెప్పుకుంటుంది: "మా బావగారు వర్జ్యం దాటిందాకా సంతకం పెట్టలా. అందుకే మనిషి దక్కాడు." ఆ మాట విన్నప్పుడల్లా నాకు తల ఎత్తబుద్ధి కాదు.

మొన్న తమ్ముడు వచ్చాడు. మిరప కళ్ళంలో ఘాటుకు నిలబడలేకపోతున్నాడు. తువ్వాలు కట్టుకున్నా దగ్గుతో వంగిపోతున్నాడు. పొలం కౌలుకిచ్చేస్తున్నాడట.

"అన్నయ్యా, రేపు కాయితం రాసుకుంటన్నాం. వర్జ్యం ఎప్పుడో చూసి చెప్పు. నీ చెయ్యి మంచిది."

"నా చెయ్యి మంచిది కాదురా" అని ఆ ఏటి డైరీ తీసి బుధవారం, గురువారం పేజీలు ముందు పెట్టాను. జరిగింది జరిగినట్టు చెప్పాను.

వాడు రెండు పేజీలూ అటూ ఇటూ తిప్పాడు. దగ్గొచ్చింది. ఆగేదాకా నేను మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను.

"ఇన్నేళ్ళూ నువ్వొక్కడివే మోశావా?"

నేను గ్లాసు వాడి ముందు పెట్టాను.

"మా ఆవిడకు మాత్రం చెప్పమాక" అన్నాడు. కాసేపు ఫిల్ములున్న బీరువా వైపు చూసి, డైరీ మూసి నా చేతికిచ్చాడు.

"రేపటిది చూడు మరి. ముందు ఇయ్యాళ ఏ వారమో ఎవర్నన్నా అడిగి చూడు."