మిషన్ తప్పు లేదు

కుప్పం కాలేజీ ల్యాబులో, కిరసనాయిలు వాసనొచ్చే నల్ల పొరల రాళ్ళు కాలిస్తే ఎంత ఉబ్బుతాయో కొలవడం నా పని. ఒకే రాయిలో కోసిన రెండు ముక్కలు నెలగా రెండు లెక్కలు చూపిస్తాంటే, మిషన్ చెడిపోయిందని కంప్లైంట్ పెట్టినా.

ఈ పొద్దు మా నాయన గుడుపల్లె నుంచి ఉడకబెట్టిన చెనిక్కాయలు ల్యాబుకే తెచ్చినాడు. బండకు మంట పెట్టి పలకలు లేపడం ఆయన బతుకంతా చేసిన పని. బొటనవేలు తడిచేసి ఆ రెండు ముక్కల అంచులు రుద్ది చూసినాడు.

"ఒకటి పొరకు అడ్డంగా, ఒకటి పొర వెంబడి కోసినావు కదమ్మా?"

"ఎట్ల కోస్తే ఏమి నాయనా, రాయి ఒకటే కదా!"

"కాలిన రాయి పొర మీదికి లేస్తాదమ్మా. పక్కకు అంత జరగదు."

మొదటి ముక్క మాదిరే ఇంకోటి కోసి కాల్చినాం. సాయంత్రానికి లెక్కలు కలిసినాయి. ల్యాబులోనే ఎగిరి గంతేసినా!

రేపు బెంగళూరు నుంచి రిపేరు మనిషి వస్తాండాడు. మిషన్ బంగారంలా ఉండాది. మీరే చెప్పండి, రిపేరు చేయమని ఆయనకు దేన్ని చూపించాల, నన్నేనా?