చాచా మొదటి గుక్క

మాదన్నపేట మార్కెట్ పక్క హోటల్ల, డ్యూటీకి పోయే ముందు రోజూ చాచాతోని కూసునేటోన్ని. ఆయన మా గల్లీ దర్జీ. ఒక్కటే చాయ్ చెప్పి, కప్పుల ఒక గుక్క తాగి చూసి, సగం తన సాసర్‌ల పోసుకొని, కప్పు నాకు జరిపేటోడు. “శక్కర్ బరాబర్ ఉంది, తాగు బేటా.”

నేను యురేనియం ఇంధనం చేసే ఫ్యాక్టరీల పనిచేస్తుంటి. ఓసారి చాచా గొంతుల గడ్డకు రేడియోధార్మిక అయోడిన్ తాగాలన్నరు దవాఖానల. ఆయన మస్తు భయపడ్డడు.

“ఏం ఫికర్ చెయ్యకు చాచా. మేం చేసేసొంటి ఇంధనంతోని నడిచే రియాక్టర్లనే ఆ మందు పుడ్తది,” అని రొమ్ము ఇరుసుకొని చెప్పిన.

ఆయన మందు తాగిండు. డాక్టర్లు దూరం ఉండుమన్న దినాలు గడిచినంకనే హోటల్‌కు వచ్చిండు. ఎప్పటిలెక్కనే ఒక గుక్క తాగి కప్పు జరిపిండు. ఇగ భయం లేదని నాకు ఎరికే. అయినా చెయ్యి రాలే.

“కడుపుల మంచిగ లేదు చాచా,” అన్న.

యురేనియంతోని పనిచేసే నా పక్కన ఏండ్లసంది భుజం ఆనిచ్చి కూసున్నడు ఆయన. ఒక్కనాడు గూడ దూరం జరగలే.

తెల్లారి చాచా రెండు చాయ్‌లు చెప్పిండు. నా కప్పు ముట్టకుండనే అన్నడు, “శక్కర్ నువ్వే చూస్కో బేటా.”