గ్రహణం రంగుకు ఏడు చిలపలు

ధర్మవరంలో పట్టునూలుకు రంగులద్దే ముత్యాలప్ప చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ ఊదాగానో, పచ్చగానో ఉండేవి. పెళ్లి భోజనాల్లో కొత్తవాళ్లు ఆయన పక్కన కూర్చోవడానికి జంకేవారు. ఆయనకు మాత్రం అదే గర్వం. కంటపడిన రంగేదైనా సరే, గంటలో దారానికి ఎక్కిస్తానని మగ్గాల వీధంతా చెప్పుకునేవాడు.

1978 మార్చి పున్నమినాడు రాత్రి ఎనిమిదింటికి చంద్రగ్రహణం పట్టింది. భార్య ఆంజినమ్మ పొయ్యి ఆర్పేసి, తినేవాటి మీద దర్భలు వేసి, జపానికి కూర్చుంది. ముత్యాలప్ప మిద్దె ఎక్కాడు. చందమామ అంచు మొదట పొగచూరినట్టు నల్లబడింది. తొమ్మిది దాటాక మొత్తం మునిగిపోయి, ఇక కనబడదనుకుంటే ఎర్రగా తేలింది. ఇటుక కాదు, రాగీ కాదు. ఆ రంగు ఆయన ఎన్నడూ వేయలేదు!

గబగబా దిగి రంగుల పొయ్యి రాజేశాడు.

"గ్రహణం పట్టినప్పుడు నిప్పు ముట్టిస్తాండావా?" అని ఆంజినమ్మ కేకేసింది.

"నాదీ పట్టు పనే గదమ్మే!"

నేతగాడు ఈశ్వరప్ప ఓ పెళ్లిచీరకు చిలకపచ్చ అద్దమని ఇచ్చిన తెల్లటి పట్టునూలు చుట్టలు, ఏడు చిలపలు, మూలన ఉన్నాయి. ఒకటి తీసి గంగాళంలో ముంచి, కర్రకు తగిలించి, లాంతరు పట్టుకుని పైకెక్కాడు. ఈలోపు చందమామ రంగు మార్చింది.

"రవ్వంతసేపు అట్లే ఉండు సామీ!" అని బతిమాలి దిగాడు. ఇంకోటి ముంచి ఎక్కాడు. మళ్లీ మారింది. పదిన్నరకు అంచున తెల్లగా వెలుగొచ్చేసరికి చిలపలు అయిపోయాయి, మోకాళ్లు పట్టేశాయి.

పొద్దున్నే ఈశ్వరప్ప వచ్చి దండెం చూశాడు. బూడిద, వంకాయ, పండుమిరప, చింతపండు... ఏ రెండూ కలవలేదు.

"ఏమప్పా, చిలకపచ్చ యాడ?"

"చిలకను గ్రహణం మింగినాదన్నా."

ఈశ్వరప్ప వీధి దద్దరిల్లేలా తిట్టాడు. కొత్తపట్టు ముత్యాలప్పే తెచ్చివ్వాల్సి వచ్చింది. కోపం చల్లారాక ఈశ్వరప్ప, పారేయడానికి మనసొప్పక, ఆ ఏడింటినీ చారలుగా కలిపి ఒక చీర నేశాడు. చూసిన పెళ్లివాళ్లంతా మెచ్చుకున్నారు. గ్రహణంనాటి రంగులని తెలియగానే లేచి వెళ్లిపోయారు. చివరికి అది ఆంజినమ్మకే మిగిలింది.

వైశాఖంలో ముదిగుబ్బలో అన్న కూతురి పెళ్లికి ఆమె ఆ చీరే కట్టింది. ఆడవాళ్లు మూగి కొంగు పట్టి చూస్తుంటే సంతోషపడింది. వెనకాలే ముత్యాలప్ప వచ్చి, "ఆ నాలుగో చార కుదరలేదు, అది చూడొద్దండమ్మా!" అంటూ వేలు పెట్టి మరీ చూపించాడు.

సెప్టెంబరులో మళ్లీ గ్రహణముందని తెలిసి, ఆంజినమ్మ మధ్యాహ్నమే ఇంట్లోని తెల్లనూలంతా మూటగట్టి ఈశ్వరప్ప ఇంట్లో పెట్టి వచ్చింది. ముత్యాలప్పకు చేసేదేమీ లేక మిద్దె మీద వెల్లకిలా పడుకుని, పట్టు నుంచి విడుపు దాకా కదలకుండా చూశాడు.

దిగొచ్చి ఆంజినమ్మను లేపి, "ఉత్త చేతుల్తో చూస్తే భలే బాగుండాదే!" అన్నాడు.